మౌసు లేకుండా ఎస్‌పీఎం లెక్కలు: బొబ్బిలి నుంచి వచ్చిన ప్రశ్నకు నా జవాబు

ముందు ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. బొబ్బిలికి చెందిన ఒక పరిశోధక విద్యార్థిని దగ్గర 24 మంది ఎఫ్ఎంఆర్ఐ స్కాన్లు (పనిచేస్తున్న మెదడును వరుసగా తీసిన చిత్రాలు) ఉన్నాయి. స్కానర్‌లో పడుకున్నవాళ్లకు తెలుగు పదాలు కొన్ని, అర్థం లేని గుర్తులు కొన్ని చూపించి, కుడిచేత్తో బటన్ నొక్కమన్నారు. ఒక్కొక్కరికి రెండు రన్లు (విడతలు), రన్‌కు 200 వాల్యూములు (మెదడు మొత్తం చిత్రాలు), టీఆర్, అంటే ఒక వాల్యూముకు పట్టే సమయం, 2 సెకన్లు. ఎస్‌పీఎం12 అనే, మ్యాట్‌ల్యాబ్‌లో నడిచే మెదడు స్కాన్ల సాఫ్ట్‌వేర్ విండోలో ఒక్కొక్కరి ఫైళ్లు ఎంచుకుంటూ, నొక్కుకుంటూ ఫస్ట్ లెవెల్ (ఒక్కో మనిషికి విడిగా చేసే లెక్క) పూర్తిచేసేసరికి మూడు రోజులు పట్టింది. తీరా చూశాక గైడ్ గారు స్మూతింగ్ (చిత్రాన్ని కాస్త నునుపు చేయడం) 8 మిల్లీమీటర్లు ఎక్కువైంది, 6 పెట్టి మళ్లీ చేయమన్నారు. డేటా ఇప్పుడు ఒక సర్వర్‌లో ఉంది. ఇంటి నుంచి, దూరపు కంప్యూటర్‌ను టైపు చేసి నడిపే ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్తే నల్ల తెర తప్ప విండో రాదు. "విండో లేకుండా ఇది నడుస్తుందా? నడిచినా, నొక్కి చేసిన ఫలితమే వస్తుందా? నాకు ప్రోగ్రామింగ్ పెద్దగా రాదు, చాలా టెన్షన్‌గా ఉంది" అని రాశారు.

నడుస్తుందమ్మా. ఫలితం కూడా అదే వస్తుంది. ఎందుకంటే ఎస్‌పీఎంలో విండో లెక్కలు చేయదు, దరఖాస్తు ఫారం నింపిపెడుతుందంతే. మీరు బ్యాచ్ ఎడిటర్‌లో అన్ని గళ్లూ నింపి ఆకుపచ్చ బాణం నొక్కినప్పుడు, ఆ నింపిన ఫారాన్ని జాబ్‌మ్యాన్ అనే ఫంక్షన్ చేతికి అందిస్తుంది. స్క్రిప్టులో మనం ఆ ఫారాన్నే అక్షరాల్లో రాసి, అదే జాబ్‌మ్యాన్‌కు మనమే ఇస్తాం. మీసేవలో చేత్తో రాసిన కాగితం ఇచ్చినా, ఆపరేటర్ టైపు చేసినా వెళ్లేది ఒకే దరఖాస్తు కదా, అలాగే.

అయితే స్క్రిప్టు ఎందుకు రాయాలో మీరు అనుకుంటున్న కారణం వేరు, నేను చెప్పే కారణం వేరు. మూడు రోజుల పని ఒక రాత్రిలో అవుతుందన్నది నిజమే. కానీ నన్ను స్క్రిప్టు దారి పట్టించింది వేగం కాదు, తిత్లీ తుఫాను. 2018 అక్టోబరు 11న అది పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు నేను మా ఊరొచ్చి, ల్యాప్‌టాప్ మీద ఒక విశ్లేషణ సగంలో ఉన్నాను. అంతా మౌసుతోనే. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడిపోయిన సంగతి మీకు తెలిసిందే, మా ఇంటి పనే మాకు సరిపోయింది. మూడు వారాల తర్వాత ఫైళ్లు తెరిస్తే, పదమూడో మనిషికి మోషన్ పారామీటర్లు (తల కదలికల కొలతలు) పెట్టానో లేదో గుర్తులేదు. ఇద్దరికి హైపాస్ ఫిల్టర్ (మరీ నెమ్మదిగా మారే సిగ్నల్‌ను తీసేసే జల్లెడ) మార్చినట్టు లీలగా జ్ఞాపకం, ఎవరికో తెలియదు. వెతికితే ఎస్‌పీఎం డాట్ మ్యాట్ ఫైళ్లలో ఆ వివరాలు ఉంటాయి, కానీ నేను ఎందుకు మార్చానన్నది ఏ ఫైలులోనూ లేదు. మొత్తం తీసేసి మొదటి నుంచి చేశాను, ఈసారి స్క్రిప్టుతో.

ఇలాంటి చిన్న నిర్ణయాల బరువు ఎంతో 2020లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. 108 మంది ఎఫ్ఎంఆర్ఐ డేటాను 70 బృందాలకు ఇచ్చి, అవే 9 ప్రతిపాదనలను పరీక్షించమన్నారు. ఏ రెండు బృందాల పద్ధతీ ఒకేలా లేదు, కొన్ని ప్రతిపాదనల మీద అవును, కాదు అన్న జవాబుల్లోనే బాగా తేడాలొచ్చాయి. అందరూ చదువుకున్నవాళ్లే, అందరూ జాగ్రత్తగానే చేశారు. మరి ఏం చేశామో కాగితం మీద లేకపోతే మన తేడా ఎక్కడ వచ్చిందో వెతకడానికి కూడా దారి ఉండదు.

ఇక పనిలోకి వద్దాం. ఆదేశాల పేర్లు ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను. స్పెల్లింగ్ గురించి బెంగ వద్దు, ఎస్‌పీఎమ్మే రాసిస్తుంది. ఎలాగంటే, విండో వచ్చే కంప్యూటర్ ఏదైనా ఒకటి పట్టుకుని, ఒకే ఒక్క మనిషి డేటాతో బ్యాచ్ ఎడిటర్‌లో మోడల్ స్పెసిఫికేషన్ (మోడల్ రాయడం), ఎస్టిమేషన్ (దాన్ని లెక్కించడం), కాంట్రాస్ట్ మేనేజర్ (పదాలు, గుర్తుల్లాంటి పరిస్థితులను పోల్చడం) మూడూ వరుసగా పేర్చండి. రెండోదానికి, మూడోదానికి ఎస్‌పీఎం డాట్ మ్యాట్ ఎక్కడుందో చేత్తో చూపకుండా, డిపెండెన్సీ బటన్‌తో ముందు మెట్టుకు తగిలించండి. తర్వాత ఫైల్ మెనూలో సేవ్ బ్యాచ్ అండ్ స్క్రిప్ట్ నొక్కండి. రెండు ఫైళ్లు వస్తాయి. ఒకటి ఫారం, రెండోది దాన్ని నడిపేది. ఆ ఫారాన్ని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి, ఒక పూట కూర్చుని పై నుంచి కిందికి చదవండి. మ్యాట్‌ల్యాబ్‌బ్యాచ్ అనే పేరు, దాని పక్కన మీసాల బ్రాకెట్లో అంకె, ఆ తర్వాత చుక్కలు చుక్కలుగా గడి పేరు, చివర మీరు నింపిన విలువ. అంతా ఇదే. మీరు విండోలో చూసిన ప్రతి గడీ అక్కడ ఒక పంక్తిగా ఉంటుంది, మీరు ముట్టుకోని గళ్లు కూడా.

ఆ ముట్టుకోని గళ్లే ముఖ్యం. విండోలో అవి కంటికి ఆనవు. ఫైలులో మాత్రం మొహం మీదే ఉంటాయి: హైపాస్ ఫిల్టర్ 128 సెకన్లు, మైక్రోటైమ్ (టీఆర్‌ను కోసే ముక్కలు) 16, అందులో ఆన్సెట్ (లెక్కకు తీసుకునే ముక్క) 8, మాస్కింగ్ థ్రెషోల్డ్ (ఏ గడి మెదడు లోపలిదో తేల్చే హద్దు) 0.8, వరుస స్కాన్ల మధ్య ఉండే సంబంధం, అంటే సీరియల్ కోరిలేషన్‌కు ఏఆర్(1). ప్రతిదాన్నీ "ఇది నాకు సరిపోతుందా" అని అడగండి. ఉదాహరణకు 80 సెకన్లు పదాలు, 80 సెకన్లు గుర్తులు చూపించే బ్లాక్ డిజైన్ అయితే ఒక ఆవృత్తం 160 సెకన్లు. 128 దగ్గర ఫిల్టర్ పెడితే మీరు వెతికే సిగ్నల్‌నే చాలావరకు మీరే తుడిచేసినట్టు. మీ డిజైన్‌లో ఆ ఇబ్బంది లేదు కానీ, మీ తర్వాత ఈ స్క్రిప్టు తీసుకునేవాళ్లకు ఉండొచ్చు.

తర్వాత ఈ ఫైలును అందరికీ పనికొచ్చేలా మార్చాలి. ఇందుకు మీకు కావలసిన ప్రోగ్రామింగ్ చాలా తక్కువ. ఒక పేరులో విలువ దాచుకోవడం, ఫోల్డర్ పేర్లు అతికించి దారి తయారుచేయడం, ఒక జాబితా మీద లూపు తిప్పడం, ఫైలు ఉందో లేదో అడగడం. ఇంతే. ఫారంలో మొదటి మనిషి ఫోల్డర్ పేరు ఎక్కడెక్కడ ఉందో చూసి, అక్కడ ఆ పేరు బదులు లూపులో తిరిగే పేరు పెట్టండి. 200 వాల్యూముల జాబితా చేత్తో రాయక్కర్లేదు, ఎస్‌పీఎం సెలెక్ట్ అనే ఫంక్షన్ ఫోల్డర్ చూసి ఇస్తుంది. స్క్రిప్టు తలమీద రెండు పంక్తులు తప్పనిసరి: ఎఫ్ఎంఆర్ఐకి డిఫాల్టులు పెట్టమనేది ఒకటి, జాబ్‌మ్యాన్‌ను ఇనిట్‌సీఎఫ్‌జీ అని నిద్రలేపేది ఒకటి. విండో లేని సర్వర్ కాబట్టి కమాండ్‌లైన్ డిఫాల్ట్‌ను ట్రూ చేసే మూడో పంక్తి కూడా కలపండి. డేటా జిప్ చేసిన నిఫ్టీ (మెదడు చిత్రాల ఫైలు రకం) రూపంలో, అంటే చివర జీజెడ్ అని ఉంటే ముందే విప్పుకోండి, ఎస్‌పీఎం12 దాన్ని నేరుగా చదవదు.

మీరు బొబ్బిలి వాళ్లు కాబట్టి ఈ పోలిక మీకు చప్పున తడుతుంది. గొల్లపల్లిలో ఏకాండి వీణ చెక్కుతారు, కుండ, దండి అన్నీ ఒకే పనస దుంగలోంచి. వీణకు అది గొప్పే. స్క్రిప్టును మాత్రం ఏకాండిగా చెక్కొద్దు. ఒకే ఫైలులో స్మూతింగ్ నుంచి గ్రూపు ఫలితాల దాకా రాస్తే, చివర్లో ఒక కాంట్రాస్ట్ మార్చడానికి మొత్తం మళ్లీ నడపాలి, లేదా సగం పంక్తుల ముందు శాతం గుర్తు పెట్టుకుంటూ కూర్చోవాలి. నాలుగు ముక్కలు చేయండి: స్మూతింగ్, ఫస్ట్ లెవెల్, కాంట్రాస్టులు, గ్రూపు. వీటన్నిటికీ పైన ఒక చిన్న సెట్టింగుల ఫైలు. మనుషుల జాబితా, టీఆర్, స్మూతింగ్ అంకె, ఫోల్డర్ల చిరునామాలు అక్కడ తప్ప ఇంకెక్కడా ఉండకూడదు.

ఇప్పుడు అసలు చెప్పాల్సింది. స్క్రిప్టు తప్పు చేస్తే ఎర్ర అక్షరాలు వస్తాయి, సరిచేసుకోవచ్చు అనుకుంటారు కొత్తవాళ్లు. ఎర్ర అక్షరాలు రానివే ప్రమాదం. మౌసుతో చేస్తే ఒక్కరి దగ్గర పొరపాటు చేస్తారు. స్క్రిప్టు అదే పొరపాటును 24 మందికీ భక్తిగా చేస్తుంది, ఎక్కడా ఆగదు. నాకు తగిలిన దెబ్బలు కొన్ని చెబుతాను.

మొదటిది యూనిట్లు. ఆన్సెట్ సమయాలు (పదమో, గుర్తో కనిపించిన క్షణాలు) సెకన్లలో ఇస్తున్నారా, స్కాన్లలో ఇస్తున్నారా అన్న గడి ఒకటుంది. ఎస్‌పీఎంతో నేర్చుకునేవాళ్లందరూ చేసే శబ్దాల ఉదాహరణ డేటా ఉంది కదా, ఒకే మనిషి, టీఆర్ 7 సెకన్లు, ఆరేసి స్కాన్ల బ్లాకులు. అందులో ఆన్సెట్లు స్కాన్లలో ఇస్తారు. ఆ పాఠం స్క్రిప్టునే కాపీ చేసుకుని మన డేటాకు వాడితే, ఆ గడిలో స్కాన్స్ అన్న మాట అలాగే ఉండిపోతుంది. మీ ఈవెంట్ల ఫైలులో 30 అని ఉంటే అది 30వ సెకను. ఎస్‌పీఎం దాన్ని 30వ స్కాన్ అనుకుంటుంది, అంటే 60వ సెకను. రన్ రెండో సగంలో చూపించిన పదాలన్నీ స్కాన్ ముగిశాక చూపించినట్టు లెక్క. ఎర్రర్ రాదు. డిజైన్ మ్యాట్రిక్స్ (ఏ స్కాన్ దగ్గర ఏం చూపించారో చెప్పే పట్టిక) బొమ్మ చూస్తే మాత్రం ఉండాల్సినవాటిలో సగమే, రెట్టింపు ఎడంతో కనిపిస్తాయి. అందుకే ఆ బొమ్మ చూడకుండా ముందుకు వెళ్లొద్దంటాను.

రెండోది కాంట్రాస్టుల వరుస. ఇది నన్ను బాగా ఏడిపించింది, మీ డేటాలో కూడా పొంచి ఉందని నా అనుమానం. పదాలు, గుర్తులు, తప్పు జవాబులు అని మూడు కండిషన్లు పెట్టారనుకోండి. ఒక్కో రన్‌కు ఈ మూడు, వాటి వెనక ఆరు మోషన్ పారామీటర్లు, మొత్తం 9 కాలమ్‌లు. రెండు రన్లకు 18, చివర రెండు కాన్‌స్టెంట్లు, అంతా 20. పదాల నుంచి గుర్తులు తీసివేయాలంటే 1వ కాలమ్‌కు ఒకటి, 2వ దానికి మైనస్ ఒకటి, మళ్లీ 10వ దానికి ఒకటి, 11వ దానికి మైనస్ ఒకటి. బాగానే ఉంది. ఇప్పుడు ఒకమ్మాయి చాలా చురుకైనది, మొదటి రన్‌లో ఒక్క తప్పూ చేయలేదు. ఆమెకు తప్పుల కాలమ్ పెట్టలేం, కాబట్టి మొదటి రన్‌కు 8 కాలమ్‌లే. రెండో రన్ పదాలు 10 నుంచి 9కి జరిగాయి. మీ స్క్రిప్టు పాత అంకెలే వాడితే, రెండో రన్‌లో గుర్తుల నుంచి తప్పులు తీసివేస్తుంది! ఎస్‌పీఎంకు అది కూడా చెల్లుబాటయ్యే కాంట్రాస్టే కాబట్టి నోరు మెదపదు. ఆ అమ్మాయి చిత్రం కూడా గ్రూపులో కలిసిపోతుంది.

దీనికి మందు ఒకటే. అంకెలను చేత్తో రాయొద్దు. ఎస్టిమేషన్ అయ్యాక ఎస్‌పీఎం డాట్ మ్యాట్ తెరిస్తే అందులో ప్రతి కాలమ్‌కూ పేరు ఉంటుంది, ఎన్నో సెషన్, ఏ కండిషన్, ఎన్నో బేసిస్ ఫంక్షన్ అని. పేరులో "పదం" ఉన్న కాలమ్‌లన్నిటికీ ఒకటి, "గుర్తు" ఉన్నవాటికి మైనస్ ఒకటి, మిగతావి సున్నా అని స్క్రిప్టుతోనే వెక్టర్ తయారుచేయించండి. పది పంక్తుల పని. ఎన్ని కాలమ్‌లకు బరువులు పడ్డాయో లెక్కపెట్టి, రెండూ రెండూ కాకపోతే అక్కడే ఆగిపోయేలా చేయండి.

మూడోది తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఒకసారి సాయంత్రం ఆరింటికి స్క్రిప్టు మొదలుపెట్టి, పైడితల్లి అమ్మవారి సిరిమాను చూడ్డానికి వెళ్లిపోయాను. ఆ జనంలోంచి బయటపడి, మూడు లాంతర్ల దగ్గర టీ తాగి, ఇంటికొచ్చి పడుకున్నాను. పొద్దున్న చూస్తే మొదటి మనిషి దగ్గరే ఆగి ఉంది. ఫోల్డర్‌లో పాత ఎస్‌పీఎం డాట్ మ్యాట్ ఉంటే "దీన్ని తుడిచి రాయమంటారా, ఆపేయమంటారా" అని ఎస్‌పీఎం అడుగుతుంది. విండో ఉంటే డబ్బా వస్తుంది, లేకపోతే నల్ల తెర మీద ప్రశ్న వేసి, మర్యాదగా రాత్రంతా ఎదురుచూస్తుంది. అప్పటి నుంచి ప్రతి మనిషికీ మోడల్ మొదలయ్యే ముందు పాత ఫైలును పక్కకు జరిపే పంక్తి పెడుతున్నాను. తుడిచేయడం కన్నా తేదీ పేరుతో వేరే ఫోల్డర్‌కు జరపడం మంచిది.

నాలుగోది అక్షర క్రమం. ఫోల్డర్లకు సబ్‌1, సబ్‌2 అని పేర్లు పెట్టుకుంటే, కంప్యూటర్ ఇచ్చే జాబితాలో సబ్‌1 తర్వాత సబ్‌10 వస్తుంది, సబ్‌2 కాదు. వయసుల పట్టిక మాత్రం మీరు ఎక్సెల్‌లో 1, 2, 3 అని వరుసగా రాసుంటారు. గ్రూపు మోడల్‌లో వయసును పక్క లెక్కగా, అంటే కోవేరియట్‌గా పెడితే ఒకరి వయసు ఇంకొకరి మెదడుకు అంటుకుంటుంది. సబ్‌01, సబ్‌02 అని సున్నా పెట్టండి. 2016 నుంచి వాడుకలో ఉన్న బిడ్స్ (మెదడు డేటా సర్దే ఉమ్మడి నియమాలు) పద్ధతిలో ఫోల్డర్లు సర్దుకుంటే ఇలాంటి చిల్లర తలనొప్పులు చాలా పోతాయి. ఈవెంట్ల ఫైలులో ఆన్సెట్, డ్యూరేషన్, ట్రయల్ టైప్ అని కాలమ్‌ల పేర్లు కూడా ఖాయంగా ఉంటాయి.

లూపులో ఒకరి దగ్గర ఎర్రర్ వస్తే మొత్తం ఆగకుండా, ట్రై, క్యాచ్ పెట్టి ఆ పేరు ఒక జాబితాలో రాసుకుని ముందుకు వెళ్లేలా చేయండి. ఉదయానికి 22 అయ్యాయి, ఫలానా ఇద్దరివి ఆగాయి అని తెలిస్తే చాలు. డైరీ అనే ఆదేశం తెరమీద వచ్చినదంతా ఫైలులో దాస్తుంది. మొదట్లోనే ఎస్‌పీఎం వెర్షన్, మ్యాట్‌ల్యాబ్ వెర్షన్ అందులో పడేలా చూడండి, థీసిస్ రాసేటప్పుడు అడుగుతారు.

సర్వర్ సంగతి. ఎస్ఎస్‌హెచ్ తెంపుకుంటే దాంతో మొదలైన పని కూడా చచ్చిపోతుంది. మన వైపు వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో, నెట్ ఎప్పుడు పోతుందో చెప్పలేం. లోపలికి వెళ్లగానే టీమక్స్ అని కొట్టి, అందులో పని మొదలుపెట్టండి. మీ ఇంట్లో ల్యాప్‌టాప్ ఆరిపోయినా అక్కడ నడుస్తూనే ఉంటుంది, మళ్లీ వెళ్లి అటాచ్ చేసుకోవచ్చు. మ్యాట్‌ల్యాబ్ 2019ఏ నుంచి బ్యాచ్ అనే ఆప్షన్ ఉంది, స్క్రిప్టు పేరు ఇస్తే నడిపి తనే బయటికి వచ్చేస్తుంది. పాతదైతే నోడిస్‌ప్లే పెట్టి, స్క్రిప్టు చివర ఎగ్జిట్ రాయాలి. బొమ్మలు గీసే మెట్టు దగ్గర డిస్‌ప్లే లేదని మొరాయిస్తే, ఎక్స్‌వీఎఫ్‌బీ అనే ఉత్తుత్తి తెర పెట్టి నడపొచ్చు.

లైసెన్సు లేకపోతే? ఎస్‌పీఎంకు మ్యాట్‌ల్యాబ్ అక్కర్లేని స్టాండ్‌అలోన్ రూపం ఉంది, మీ బ్యాచ్ ఫైలునే తీసుకుంటుంది. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల ఎఫ్ఎస్ఎల్, రాబర్ట్ కాక్స్ 1994లో మొదలుపెట్టిన ఏఎఫ్ఎన్ఐ అనే వేరే రెండు సాఫ్ట్‌వేర్లు పుట్టుకతోనే కమాండ్‌లైన్ మనుషులు. ఎఫ్ఎస్ఎల్‌లో ఫీట్ (దాని విశ్లేషణ భాగం) సెట్టింగులన్నీ డిజైన్ డాట్ ఎఫ్ఎస్ఎఫ్ అనే మామూలు టెక్స్ట్ ఫైలు. మనిషి పేరు మార్చి మళ్లీ ఇస్తే సరి. ఒక్క జాగ్రత్త, రెండోసారి నడిపితే అది పాత ఫోల్డర్ తుడవకుండా పేరు చివర ప్లస్ గుర్తు పెట్టి కొత్తది చేస్తుంది, మీ గ్రూపు స్క్రిప్టు మాత్రం పాతదాన్నే తీసుకుంటుంది. పైథాన్ వచ్చినవాళ్లకు నైలెర్న్ అనే ప్యాకేజీ హాయి. కానీ సగంలో ఎస్‌పీఎం నుంచి నైలెర్న్‌కు మారి, రెండు ఫలితాలూ ఒకేలా లేవని కంగారుపడకండి. అక్కడ హైపాస్ డిఫాల్ట్ 0.01 హెర్ట్జ్, అంటే 100 సెకన్లు. ఇక్కడ 128. హీమోడైనమిక్ వంపు (మెదడులో రక్తం స్పందించే తీరు) డిఫాల్ట్ కూడా వేరు. మీరు ఎస్‌పీఎంలోనే ఉండండి, థీసిస్ మధ్యలో గుర్రం మారొద్దు.

గ్రూపు మెట్టుకు వస్తే, ప్రతి మనిషి నుంచీ కాన్ బొమ్మ (కాంట్రాస్ట్ విలువలు) ఇవ్వాలి, ఎస్‌పీఎం‌టీ బొమ్మ (గణాంక పరీక్ష విలువలు) కాదు. పేర్లు పక్కపక్కనే ఉంటాయి, స్క్రిప్టులో ఒక్క మాట తేడాతో మారిపోతుంది. ఇంకొకటి, గ్రూపు లెక్కలో ఒక్కరికి లేని వాక్సెల్ (చిత్రంలోని చిన్న గడి) అందరికీ పోతుంది. మాస్కింగ్ 0.8 వల్ల ఒకరికి కళ్ల పైన, చెవుల దగ్గర మెదడు భాగం ఎగిరిపోతే, 24 మందికీ అక్కడ ఫలితం ఉండదు. అందుకే 24 మాస్క్ బొమ్మలనూ (ఏ గళ్లు లెక్కలో ఉన్నాయో చూపేవి) కలిపి కూడండి. 23 వచ్చిన చోట్లు ఎక్కడున్నాయో చూస్తే ఎవరి వల్ల పోయిందో తెలుస్తుంది.

థ్రెషోల్డ్ (గడి వెలిగిందని చెప్పే హద్దు) గురించి మీరు అడగలేదు కానీ, స్క్రిప్టులో ఒక్క అంకె మార్చి చూడడం ఎంత తేలికో, అంత ఆశ కూడా పుడుతుంది. ఎస్‌పీఎం మామూలు 2 మిల్లీమీటర్ల పెట్టెలో 79, 95, 79 చొప్పున సుమారు 5.9 లక్షల గళ్లు. అందులో మెదడు లోపలివి రెండు లక్షల దాకా ఉంటాయి. సవరణ (ఇన్ని గళ్లను పరీక్షించినందుకు చేసే సర్దుబాటు) లేకుండా 0.001 పెడితే ఏమీ లేకపోయినా ఓ రెండు వందలు వెలగొచ్చు. 2009లో చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, దాని మెదడు కూడా వెలిగిందని చూపించి, సవరణ లేని లెక్కలను ఆటపట్టించినవాళ్లు ఉన్నారు, దానికి 2012లో నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ వచ్చింది. క్లస్టర్ (వెలిగిన గళ్ల గుంపు) మీద ఆధారపడేవాళ్లకు 2016 నాటి ఎక్లుండ్, నికోల్స్, నట్సన్ల పేపరు తెలిసుండాలి. 499 మంది విశ్రాంతి స్కాన్లతో దాదాపు 30 లక్షల గ్రూపు విశ్లేషణలు నడిపి, 5 శాతం ఉండాల్సిన తప్పుడు ఫలితాలు కొన్ని సందర్భాల్లో 70 శాతం దాకా వెళ్తున్నాయని చూపించారు. క్లస్టర్ కట్టడానికి వదులుగా 0.01 పెట్టినప్పుడు బాగా చెడింది, 0.001 దగ్గర చాలా మెరుగు. మీరు 0.001 పెట్టి, క్లస్టర్ స్థాయిలో, ఆ సవరణల్లో ఒకటైన ఎఫ్‌డబ్ల్యూఈ 0.05 అని సెట్టింగుల ఫైలులో ఫలితం చూడకముందే రాసేయండి. గిట్ (ఫైళ్ల మార్పుల చిట్టా దాచే సాధనం) వాడితే ఆ తేదీ కూడా ఉండిపోతుంది. తర్వాత మార్చారో లేదో మీకే సాక్ష్యం.

అంతా అయ్యాక కళ్లతో చూడండి. పలాసలో జీడిపప్పు మిషన్ దాటి వచ్చాక కూడా ఆడవాళ్లు కూర్చుని చేత్తో ఏరుతారు, ఎందుకో తినేవాళ్లకు తెలుసు. స్క్రిప్టుతోనే ప్రతి మనిషి డిజైన్ మ్యాట్రిక్స్, మాస్క్ బొమ్మగా దాయించి, 24 బొమ్మలు ఒక్కసారి తిప్పండి. పావుగంట పని. ఇంకో పరీక్ష: మీవాళ్లు కుడిచేత్తో బటన్ నొక్కారు కాబట్టి, నొక్కిన సమయాలతో ఒక కాంట్రాస్ట్ చేస్తే ఎడమ వైపు మోటార్ కార్టెక్స్ వెలగాలి. వెలగకపోతే సమయాల్లోనో, ఫైళ్లలోనో తేడా ఉంది, పదాల సంగతి అప్పుడే చూడొద్దు. కుడివైపు వెలిగితే ఎక్కడో బొమ్మ అద్దంలో తిరిగింది. ఎస్‌పీఎం ఎడమను ఎడమవైపే చూపిస్తుంది, ఎఫ్ఎస్ఎల్ వాళ్లకు డాక్టర్ల ఫిల్ములాగా తిరగేసి చూసే అలవాటు. రెండిటి బొమ్మలు పక్కపక్కన పెట్టి భయపడినవాళ్లను చూశాను.

చివరగా మీ 8, 6 మిల్లీమీటర్ల గొడవ. మొదటి నుంచి అక్కర్లేదు. రీఅలైన్ (కదలికలు సరిచేయడం), నార్మలైజ్ (అందరి మెదళ్లనూ ఒకే కొలతకు తేవడం) చేసినవి అలాగే ఉంటాయి, వాటి పేర్లు డబ్ల్యూతో మొదలవుతాయి. స్మూత్ చేసినవి దానికి ముందు ఎస్ తగిలించుకుంటాయి. మీ కొత్త స్క్రిప్టు డబ్ల్యూ ఫైళ్లనే తీసుకోవాలి. పొరపాటున ఎస్‌తో మొదలయ్యేవాటికి 6 పెడితే వచ్చేది 6 కాదు. స్మూతింగులు వర్గాల్లో కలుస్తాయి, 64కు 36 కలిపితే 100, దాని మూలం 10. గైడ్ గారు తగ్గించమంటే మీరు పెంచినట్టు అవుతుంది. ప్రిఫిక్స్ గడిలో ఒట్టి ఎస్ వదిలేస్తే పాత 8 ఫైళ్ల మీదే కొత్తవి పడతాయి, అందుకని ఎస్6 అని పెట్టండి. ఫస్ట్ లెవెల్ ఫోల్డర్ పేరులో కూడా 6 ఉంచండి, రెండూ పక్కపక్కన ఉంటే గైడ్ గారికి తేడా చూపించొచ్చు.

ఈ రాత్రి ఒక్క మనిషితో స్మూతింగ్, మోడల్ నడిపి చూడండి. దానికి ముందు, మౌసుతో చేసిన 8 మిల్లీమీటర్ల ఫలితాన్నే స్క్రిప్టుతో ఒకసారి మళ్లీ చేసి, రెండు కాన్ బొమ్మలనూ తీసివేస్తే అన్నిచోట్లా సున్నా వస్తుందో లేదో చూసుకుంటే మీ రెండో ప్రశ్నకు జవాబు నా మాట మీద ఆధారపడదు. సున్నా రాకపోతే ఏదో ఒక గడి తేడాగా ఉండొచ్చు, రెండు ఎస్‌పీఎం డాట్ మ్యాట్‌లలో పోల్చి వెతకండి. ఎర్రర్ వస్తే ఆఖరి పంక్తి ఒక్కటే కాదు, మొదటి ఎర్ర అక్షరం నుంచి మొత్తం కాపీ చేసి పెట్టండి, కానీ ఫోల్డర్ల పేర్లలో మనుషుల పేర్లు ఉంటే తీసేయండి.